మునీర్ భాయ్ లక్క పలక

కరీంనగర్ నుంచి ఉట్నూర్ దాకా నన్ను ఎరగని టీ కొట్టు లేదు. ఇరవై రెండేళ్లుగా వెండి పట్టీలు, మెట్టెలు, కడియాలు బండి మీద పెట్టుకుని ఏజెన్సీ అంగళ్లకు తిప్పుతున్నాను. పదో తరగతి పరీక్షల్లో మూడో పేపరు నాడు హాల్లోంచి లేచి వచ్చేసినవాణ్ని. ఆ రోజు పేపరు పంచిన సారు ఇప్పుడు కనిపిస్తే ఆయనే నన్ను దారి అడుగుతాడు. కడెం వాగు పొంగిన ఏడు బండిని భుజాన వేసుకుని దాటాను. కెరమెరి ఘాటులో నా హారను విని పులి పక్కకు జరిగి దారిచ్చింది. ఇవన్నీ నిజాలే. నమ్మనివాళ్లు కూడా ఉన్నారు, ముఖ్యంగా వాళ్లకే చెబుతుంటాను.

ఇప్పుడు రాసేది మాత్రం మునీర్ భాయ్ గురించి. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలిపే వీలుంటే చివర మార్చేవాణ్ని.

కరీంనగర్ టవర్ సర్కిల్ వెనుక గల్లీలో మునీర్ భాయ్ దుకాణం. దుకాణమంటే ఇంటి ముందరి అరుగు, దాని మీద రేకు. వెండిని వెంట్రుకంత సన్నని తీగలా లాగి, మెలిపెట్టి, నెమళ్లూ పాన్‌దాన్లూ అల్లడం ఆయన పని. నేను అమ్మే పట్టీలు కూడా సగం ఆయన చేసినవే. అరవై దాటాయి. మోకాళ్లు పోయాయి కానీ కళ్లు పోలేదు. మెడలో నల్లదారానికి ఒక చిన్న భూతద్దం వేలాడుతుంటుంది. పొద్దున లేవగానే మొదట చూసేది దాన్నేనని ముంతాజ్ భాభీ దానికి సవతి అని పేరు పెట్టింది.

పాత వెండి తెచ్చినవాళ్లకు దాన్ని మూసలో కరిగించి కొత్త సొమ్ము చేసిస్తారు. అన్ని దుకాణాల్లోనూ అంతే. కానీ మునీర్ భాయ్ ఇంట్లో వాళ్ల నాయన నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. ముఖం ఉన్న నాణెం ఏది మూసలోకి పోవాలన్నా ముందు దాన్ని వేడి లక్కలో రెండు దిక్కులా ఒత్తి గుర్తు తీసుకోవాలి. లక్క, గుగ్గిలం, ఇటుకపొడి కలిపి మూరెడు చెక్క మీద పోసిన పలక ఒకటి గోడకు వేలాడేది. దాని మీద పద్నాలుగు ముఖాలు. విక్టోరియా రాణి, ఇద్దరు జార్జిలు, ఇంకెవరెవరో. నైజాం సిక్కాల మీద ముఖం ఉండదు కనుక అవి గుర్తు లేకుండానే కరిగిపోయాయి.

ఎందుకు భాయ్ ఇదంతా అని నేనొకసారి అడిగాను.

"మనిషి మొఖమున్నదాన్ని అగ్గిల ఏస్తున్నం. ఎవలో తెల్వది. చూసినమన్న గుర్తన్న ఉండాలె గద" అన్నాడు.

ఆ పలకలో కింది వరుస కొసన ఉన్న గుర్తు ఒక మగమనిషిది. తలకు ఆకుల దండ, పొడుగు ముక్కు. దాని పక్కనే వెనుక దిక్కు గుర్తు. ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు, మధ్యలో రెండు డాళ్లు, బల్లేలు. ముప్పై ఐదేళ్ల కింద మానేరు ఒడ్డు పల్లె నుంచి బుచ్చిరాములు అనే రైతు బావి తవ్వుతుంటే దొరికాయని ఏడు నాణేలు తెచ్చాడు. బిడ్డకు పట్టీలు కావాలన్నాడు. అప్పుడే కొలిమి మునీర్ భాయ్ చేతికి వచ్చింది. ఆరు నాణేలు అరిగిపోయి ఉంటే తేటగా ఉన్న ఏడోదాన్ని లక్కలో ఒత్తి, ఏడింటినీ మూసలో వేశాడు.

"పట్టీలు మంచిగ వచ్చినయి" అనేవాడు ఆ సంగతి వచ్చినప్పుడల్లా. అక్కడితో ఆపి పని అందుకునేవాడు.

ఆ ముఖం ఎవరిదో మునీర్ భాయ్‌కి చెప్పింది వినోద. జమ్మికుంట పిల్ల. వాళ్ల నాయన పత్తి యార్డులో హమాలీ. ఆమె హైదరాబాద్‌లో పాత నాణేల మీద పరిశోధన చేస్తోంది. వెండి పనివాళ్ల దగ్గర పాత నాణేలు ఏమైనా కనిపిస్తాయేమోనని గల్లీ గల్లీ తిరుగుతూ ఈ అరుగు దగ్గరికి వచ్చింది. గోడ మీది పలక చూసి, అడగకుండానే దించి, ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"చాచా, గీ నాణెమేది?"

"పట్టీలైంది బిడ్డా. ముప్పై ఐదేండ్లాయె."

ఆమె ఆ గుర్తు మీద వేలు ఆనించింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఆ ముఖం రెండువేల ఏళ్ల కిందటి రోము చక్రవర్తి అగస్టస్‌ది. ఆ ఇద్దరూ ఆయన మనవలు. ఇలాంటి వెండి నాణేలు రోములో కాదు, లుగ్దునం అనే ఊళ్లో కొట్టారు. ఇప్పటి ఫ్రాన్సులో లియాన్ అంటే అదే. మిరియాలకూ బట్టలకూ బదులుగా ఓడల్లో మన దేశానికి వచ్చాయి. వాటిని చూసి మన దగ్గర కూడా కొందరు అలాంటివే కొట్టుకున్నారు. ఏది అక్కడ కొట్టింది, ఏది ఇక్కడ కొట్టింది అని తేల్చడమే తన పని.

ఆ రోజు నుంచి మునీర్ భాయ్ నెమళ్లు అల్లడం తగ్గింది. వినోద ఇచ్చిపోయిన లుగ్దునం నాణేల బొమ్మలు ఒక చేత, భూతద్దం ఒక చేత. పలక ముందు కూర్చుంటే చాయ్ మీద మీగడ కట్టేది. పదిరోజులకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"బిడ్డా, ఇది ఆడ కొట్టింది గాదు. మన దిక్కు కొట్టింది."

"ఎట్ల చెప్తున్నవ్ చాచా?"

"అక్షరాలు చదువొచ్చినోడు చెక్కినయి గావు. నేను ఇంగ్లీషు బోర్డు చూసి గీసినట్టు పుల్లలు పుల్లలు పెట్టిండు. ఇగ తల మీది దండ చూడు. ఆకులు చెక్కలే, తీగె మెలిపెట్టినట్టు పెట్టిండు. గది తీగె పని చేసే చెయ్యి బిడ్డా. నా అసొంటోడే. అచ్చు సరిగ్గ కాల్చి నీళ్లల ముంచనట్టున్నడు, ముక్కు కాన్నుంచి అంచు దాక సన్నగ పగిలింది. పగిలినా ఇడవక కొట్టిండు."

వినోద నవ్వింది కానీ ఒప్పుకోలేదు. నాణెం ఎక్కడినుంచి ఎక్కడికైనా పోతుంది, ఒక్క గుర్తుతో తేలదు అంది. అదే అచ్చుతో కొట్టిన ఇంకొక నాణెం ఈ ప్రాంతంలోనే మరొక చోట కనిపిస్తే, అచ్చు కూడా ఇక్కడిదేనని రాయడానికి ఆధారం ఉంటుంది. "రెండోది దొరకాలె చాచా."

ఫోన్ పెట్టేసి మునీర్ భాయ్ నా వైపు తిరిగాడు. "దేవదాస్, అంగళ్లకు పోతవ్ గద. ఆడోళ్ల మెడలల్ల పాత పైసలు గుచ్చిన బిళ్లల పేర్లుంటయి. జర చూస్తుండు."

"భాభీ ముందల గట్ల చెప్పకు భాయ్, ఇజ్జత్ పోతది."

"మెడలు చూసుడు నీకు కొత్తనా" అంది లోపలినుంచి ముంతాజ్ భాభీ.

రెండేళ్లు చూశాను. నా చూపు గురించి ఏజెన్సీలో నాలుగు రకాల మాటలు పుట్టాయి, అందులో రెండు నేను పుట్టించినవే. చివరికి ఉట్నూర్ అంగట్లో సోంబాయి అనే గోండు ఆమె కొక్కెం ఊడిందని బిళ్లల పేరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. రూపాయి బిళ్లల మధ్య ఒకటి చిన్నది. ఆకుల దండ, పొడుగు ముక్కు. కొక్కెం బిగిస్తూ ఫోన్‌లో ఫోటో తీశాను.

"ఇది ఎక్కడిది అక్కా?"

"మా అత్తది. ఆమెకు ఆమె అత్త ఇచ్చింది. నాకాడ్నుంచి కోడలుకు పోతది."

"కరీంనగర్‌ల ఒకాయన చూస్తడు, ఒక్కరోజు ఇస్తవా?"

"నకో. మెడల నుంచి తీసేది లేదు."

"పోనీ, లక్క కాచి తెస్త. గుర్తు తీసుకొని ఇచ్చేస్త."

"వేడిది దీనికి తాకద్దు సేటూ. కొలిమి దిక్కు పోయిన సొమ్ము వాపస్ రాదు. నీకు తెల్వదా?"

నాకెందుకు తెలియదు.

ఫోటో చూపించగానే మునీర్ భాయ్ చేతిలోని తీగ కింద పెట్టాడు. ఫోన్ మీదనే భూతద్దం పెట్టి చూశాడు. "ముక్కు కాన్నుంచి గీత" అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు.

నాణెం పలక దగ్గరికి రాదు కాబట్టి పలకే నాణెం దగ్గరికి పోవాలని తేలింది. చల్లని లక్కలో పెట్టి చూడటానికి సోంబాయి ఒప్పుకుంది. ఎలా చూస్తారని అడిగితే మునీర్ భాయ్ నాకు విడమరిచి చెప్పాడు. లక్కలో పడ్డది నాణెం బొమ్మ కాదు, దానికి తిరుగుడు. అంటే నాణెం కొట్టిన అచ్చు ఎలా ఉండేదో ఆ గుంట అలాగే ఉంటుంది. సోంబాయి నాణెం ఆ గుంటలో కదలకుండా, గీతలో గీత పడి కూర్చుంటే రెండూ ఒకే అచ్చువి. వినోద హైదరాబాద్ నుంచి మంచి కెమెరా, లైట్లు ఇన్నాళ్లకు సంపాదించానని, వాటితో నేరుగా ఉట్నూర్ వస్తానంది. నల్లటి లక్కలో గుంట ఫోన్ ఫోటోకు అందదు, అంతకుముందు ఇరవైసార్లు తీసి చూసింది. వచ్చిన ప్రతి ఫోటో చీకటి బొక్కే.

మే నెల. మునీర్ భాయ్ బస్సులో బయలుదేరాడు. పెళ్లిళ్ల రోజులు కావడంతో నిలబడే చోటు కూడా లేదు. పలక విరుగుతుందని, నేను బండి మీద తెస్తానన్నాను.

"తెస్తవా?"

"భాయ్, కెరమెరి ఘాటు మీంచి గంపెడు కోడిగుడ్లు తెచ్చినోన్ని. ఒక్కటి పలుగలే. రెండిట్ల నుంచి పిల్లలొచ్చినయి గని పలుగలే."

ఆయన నవ్వలేదు. పలకను తడి గోనెసంచిలో చుట్టి, ట్యాంకు మీద నా ముందర కట్టాడు. "ఎండల ఆపకు. గోనె ఆరితే నీళ్లు చల్లు. లక్కకు ముచ్చట చెప్తే ఇనదు" అన్నాడు.

లక్సెట్టిపేట దాకా చెప్పినట్టే చేశాను. రెండుచోట్ల నీళ్లు చల్లాను. జన్నారం దగ్గర టీ కొట్టువాడు చెయ్యి ఊపాడు. ఆపాను.

"ఏంది దేవదాసన్నా, పసిపిలగాన్ని కట్టుకున్నట్టు కట్టుకున్నవ్?"

అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను. గోనె విప్పి పలక చూపించాను. పదిమంది మూగారు. ఒకడు గోటితో గీకబోయాడు. వెంటనే పలకను లాక్కుని బండి పెట్టెలో పెట్టి తాళం వేశాను. వెండి మోసేవాడికి అది ఆలోచించి చేసే పని కాదు. బండి దిగితే సరుకు ఇనుప పెట్టెలో, తాళంచెవి జేబులో. ఇరవై రెండేళ్లలో ఒక మెట్టె కూడా పోగొట్టుకోలేదంటే ఆ అలవాటు వల్లే. నా పెట్టె సైలెన్సర్ పక్కన బిగించి ఉంటుంది. దాని ఇనుము మీద ఎండ పడుతోంది. గోనె నా చేతిలోనే ఉంది. దానితో విసురుకుంటూ కథ మొదలుపెట్టాను.

మంచి కథే చెప్పాను. మూడు చాయ్‌లు వాళ్లే పోయించారు. లేచేసరికి గంటన్నర.

సోంబాయి ఇంటికి చేరేసరికి మునీర్ భాయ్ నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, భూతద్దం తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. వినోద ఇంకా రాలేదు. నేను తాళం తీసి పలకను రెండు చేతులతో బయటికి తీశాను.

లక్క ఒక పక్కకు జారి కుప్పపడింది. పద్నాలుగు ముఖాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అలికిన అరుగులా నున్నగా ఉన్నాయి. పై మూలన విక్టోరియా రాణి చెవి ఒకటి మిగిలింది. ఆకుల దండ లేదు, ముక్కు లేదు, ముక్కు నుంచి పోయే గీత లేదు.

మునీర్ భాయ్ దాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో ఒత్తి చూశాడు. వేలిముద్ర పడింది.

"మస్తు మెత్తగైంది" అన్నాడు.

నన్ను తిడితే బాగుండేది. తిట్టలేదు. సోంబాయి వచ్చి పలక వైపు, మా ముఖాల వైపు చూసింది.

"మీ పెద్దోళ్లదా?"

"ఆ" అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. తిరిగి వచ్చినప్పుడు బిళ్లల పేరు ఆమె మెడలో లేదు, చేతిలో ఉంది. లక్క మీద అరచెయ్యి ఆనించి చూసింది. "గోరువెచ్చగనే ఉన్నది. దీనికేం కాదు. నాది ఒత్తుకో సేటూ."

అప్పుడే నా ఫోన్ మోగింది. వినోద. ఉట్నూర్ బస్టాండులో దిగిందట, ఆటోలో వస్తోందట. ఇరవై నిమిషాలు పడుతుందట.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మంచం దగ్గర కూలబడి మెల్లగా చెప్పాను. "భాయ్, ఒత్తు. పాత జాగలనే ఒత్తు. రెండూ ఒక్క అచ్చువే అని నువ్వే అన్నవ్ గద. మల్ల అదే గుంట పడ్తది, అదే గీత పడ్తది. అబద్ధమేమున్నది ఇండ్ల? ఉన్నదే ఉన్నట్టు వస్తది. కడమ మొఖాలు ఎండకు పోయినయని చెప్దాం, గిది ఒక్కటి దక్కిందందాం. వినోదకు సుత ఎర్కగాదు."

ఆయన నాణెం అందుకున్నాడు. ముందు భూతద్దం పెట్టి చూశాడు, తలను, తర్వాత ఆ ఇద్దరు మనవలను. పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు. ఆ తర్వాత నాణేన్ని తెచ్చి లక్క మీద పట్టుకున్నాడు. పాత గుర్తు ఉండిన చోటే, కింది వరుస చివర. నాణేనికీ లక్కకూ మధ్య గింజంత ఎడం. ఆ ఎడం తరగలేదు, పెరగలేదు. వెంట్రుకంత తీగతో పనిచేసే చెయ్యి అది.

అలా ఎంతసేపు ఉన్నాడో నేను చెప్పలేను. చెబితే పెంచి చెబుతాను.

నాణేన్ని వెనక్కి తీసి, అంగీ కొసతో తుడిచి, సోంబాయి చేతిలో పెట్టాడు.

"మెడల ఏసుకో అమ్మా."

"ఏంది భాయ్?" అన్నాను.

"ఇది ఒత్తితె ఈమె నాణెం గుర్తయితది. బుచ్చిరాములుది గాదు. ఆయనది ఒకపారి నేనే కరిగించిన. రెండోపారి గూడ నేనే కరిగించాల్నా?"

వినోద వచ్చింది. సంచిలోంచి లైట్లు తీయబోయి ఆగిపోయింది. మునీర్ భాయ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందులో నా పేరు రాలేదు, ఎండ పేరే వచ్చింది. నేనే మధ్యలో జొరబడి జన్నారం సంగతి చెప్పాను. అంతటి చిన్న కథ నా జన్మలో చెప్పలేదు.

ఆయన ఆమెకు పాత గుర్తులో తాను చూసినవన్నీ చెప్పాడు. రెండో మనవడి బల్లెం నడుమ వంకర ఉంటుంది, ఎడమ డాలు కింద చుక్క ఉంటుంది, గీత ముక్కు దగ్గర మొదలై అంచుకు చేరకముందు కొంచెం కిందికి వంగుతుంది. సోంబాయి నాణేన్ని లైటు కింద పెట్టి చూస్తే మూడూ ఉన్నాయి. వినోద కళ్లు తుడుచుకుంది.

"నాకు నమ్మకమే చాచా. కాని ఫోన్ల ఫోటో చూసి చెప్పిండంటరు. ఇప్పుడు నాణెం చేతిల పట్టుకున్నంక చెప్పిండంటరు. ఏమని జవాబియ్యను?"

"నువ్వేం పరేషాన్ గాకు. కండ్లతోని చూసినంత రాయి. నా మాట ఎంతనో అంతనే రాయి."

ఆమె అలాగే రాసింది. ఏడాది తర్వాత ఆ వ్యాసం పుస్తకంలో వచ్చిందని తానే తెచ్చి, అరుగు మీద కూర్చుని తెలుగులో చదివి చెప్పింది. సోంబాయి నాణెం గురించి అర పేజీ, రెండు ఫోటోలు. రోము నాణేనికి అనుకరణ అని రాసి ఉంది. కింద ఒక వాక్యం. ఇదే అచ్చుతో కొట్టిన మరొక నాణేన్ని తాను చూశానని కరీంనగర్ వెండి పనివాడు మునీర్ చెప్పాడు, దాని గుర్తు ఇప్పుడు లేదు. దాని కింద ఇంకొక వరుస. కొట్టిన చోటు: తెలియదు.

"మల్లొకపారి చదువు బిడ్డా" అన్నాడు. చదివింది. ముంతాజ్ భాభీ చాయ్ తెచ్చి పెట్టి, ఎవరి ముఖం వైపూ చూడకుండా లోపలికి పోయింది.

వినోద పోయాక ఇద్దరమే మిగిలాం. పలక గోడ మీద పాత చోటే వేలాడుతోంది, విక్టోరియా చెవితో, ఆయన వేలిముద్రతో. ఈ ఏడాదిగా ఎవరైనా ముఖమున్న నాణెం తెస్తే కరిగించనని తిప్పి పంపుతున్నాడు. లక్క కాచడం లేదు.

తీగ లాగుతూ, తల ఎత్తకుండానే అడిగాడు. "దేవదాస్, ఆ దినం జన్నారంల ఏం చెప్పినవ్ వాళ్లకు?"

"ఇడ్సిపెట్టు భాయ్."

"చెప్పరా. గంటన్నర ఇన్నరంటే మంచిగనే ఉండొచ్చు."

చెప్పాను. మునీర్ భాయ్ తాతల తాతలకు తాత ఒకడు ఈ గల్లీలోనే కూర్చుని రోము రాజుకు పైసలు కొట్టేవాడని. ఏనుగుల మీద ఓడరేవు దాకా పంపేవాడని. రాజు తన ముక్కు మరీ పొడుగైందని కబురు పంపితే, జర తగ్గిస్తానని మనవాడు జవాబు ఇచ్చాడని. తగ్గించబోతే అచ్చు ముక్కు దగ్గర పగిలిందని.

మునీర్ భాయ్ నవ్వాడు. ఆ ఎండాకాలం తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. భుజాలు కదిలేలా నవ్వి, భూతద్దం ఎత్తి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏనుగులు తీసేస్తే కడమదంతా నిజమే అయితుండె" అన్నాడు.

మళ్లీ తీగ అందుకున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను.